ముసురులో ఆరని బట్టలు

కళాశాల వార్షిక సంచికకు తెలుగు శాఖ నుండి వ్యాసం వస్తున్నదంటే అది ప్రబంధ వర్ణనల మీదనో, శతక కవుల నీతిబోధ మీదనో ఉంటుందని పాఠకులు ఊహించడం సహజం. ఉర్దూ పుటలలో గజల్, తెలుగు పుటలలో పద్యం, ఇదే మనకు చిరకాలంగా అలవాటు. ఈ ఏడు మేము ఆ అలవాటు తప్పుతున్నాము. మేము ఎత్తుకున్న విషయం వానాకాలంలో ఉతికిన బట్టలకు పట్టే ముక్కవాసన. ఇది లెక్చరరు రాయదగిన విషయమేనా అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. అయితే ఈ విషయం మాకు వంటింటి నుండి గాని, పత్రికల నుండి గాని రాలేదు. మా తరగతి గదిలోనే పుట్టింది. అందులో దోషం మాది.

కొన్ని సంవత్సరాల క్రిందటి మాట. ఆగస్టు నెల, నాలుగు రోజులుగా ముసురు విడవలేదు. బందరులో ముసురంటే ఏమిటో ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. వాన కురిసి వెలిసిపోదు, గాలిలోనే నిలిచి ఉంటుంది. దానికి సముద్రం మీది ఉప్పుగాలి తోడవుతుంది. అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు. ఉప్పు జాడీలో నీరూరుతుంది. అప్పడం మెత్తబడుతుంది. పుస్తకాల అట్టలు విల్లులా వంగుతాయి. ఆ రోజు జల్లు లోపలికి కొడుతున్నదని కిటికీలు మూయించి, ఆముక్తమాల్యదలోని వర్షర్తు వర్ణన బోధిస్తున్నాము. అంతటి చక్రవర్తి, తడిసిన కట్టెలు రాజుకోక ఇల్లాళ్ళు పడే అవస్థను కూడా కనిపెట్టి పద్యంలో పెట్టాడే అని పరవశించి చెబుతున్నాము. ఇంతలో గదిలో ఏదో వాసన. ముక్కిన బియ్యం వంటిది, తడి గోనెసంచి వంటిది. వ్యాఖ్యానానికి అంతరాయం కలిగిందన్న చిరాకులో మేము, "ఎవరయ్యా అది? బట్టలు ఉతుక్కుని రావడం కూడా చేతకాదా?" అన్నాము. తరగతి అంతా గొల్లున నవ్వింది. మూడవ బెంచీ చివర కూర్చున్న ఒక విద్యార్థి నవ్వలేదు. మరునాటి నుండి మూడు రోజులు అతడు రాలేదు.

హాజరు పట్టీ చూసి అతని స్నేహితుణ్ణి అడిగితే, "వాడికి యూనిఫారం ఒకటే జత సార్. రోజూ రాత్రి ఉతుకుతారు సార్," అన్నాడు.

ఈ ఒక్క మాటతో మా చిరాకుకు ఆధారమే లేకుండా పోయింది. ఆ గదిలోని అరవై మందిలో అందరికన్నా ఎక్కువసార్లు ఉతికిన చొక్కా అతనిదే. ఉతకడం చేతకాదా అని మేము నిందించినది దానినే. ముక్కవాసన ఉతకకపోవడం వలన వచ్చేది కాదు, ఉతికినది ఆరకపోవడం వలన వచ్చేది. ముప్పై ఏళ్ళు నిండిన మాకు, పట్టా పుచ్చుకున్న మాకు, ఈ సంగతి అంతవరకు తట్టలేదు. నాలుగవ రోజున అతడు వచ్చినప్పుడు పిలిచి మా తప్పు ఒప్పుకున్నాము. "ఉతికాను సార్, ఆరలేదు," అని మాత్రం అన్నాడు. పెడనలో అతని తండ్రి కలంకారీ అద్దకం పనివాడట. ఆ మాట విని మరింత సిగ్గుపడ్డాము. బారుల కొద్దీ బట్టను కరక్కాయ నీటిలో ముంచి, పటికతో అచ్చులు అద్ది, రంగులో ఉడికించి, కాలువ నీటిలో జాడించి ఎండలో పరిచే ఇంటివారికి బట్ట ఆరడమంటే ఏమిటో మేము చెప్పేదేముంది? ముసురు పడితే ఆ ఇంట్లో ఆగేది కుమారుని చొక్కా ఒక్కటే కాదు. ఎండ లేక అద్దకం ఆగుతుంది, దానితో కూలి కూడా ఆగుతుంది. రెండవ జత కొనుక్కోలేని రోజులు సరిగ్గా అవే.

అప్పటి నుండి మేము ఈ ముక్కవాసన సంగతి తెలుసుకోవాలని పూనుకున్నాము. విజ్ఞానశాస్త్రం మా శాఖ కాదు. తెలిసిన మిత్రులను అడిగి తెలుసుకున్నదే ఇక్కడ చెబుతున్నాము.

2012లో జపాను పరిశోధకులు ఈ వాసన మూలాన్ని పట్టుకున్నారు. మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే సూక్ష్మజీవి దీనికి ముఖ్య కారణమట. ఇదేమీ మురికివాడలలో మాత్రమే పుట్టే వింత జీవి కాదు. అందరి ఇళ్ళలోనూ సహజంగా ఉండేదే. బట్టలో మిగిలిన చెమటను, ఒంటి జిడ్డును తిని, తడి ఉన్నంతసేపు పెరుగుతూ ఒక ఆమ్లాన్ని విడిచిపెడుతుంది. దాని పేరు 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లం. మనకు తగిలే కంపు దానిదే. ఇందులో మమ్మల్ని ఎక్కువగా ఆశ్చర్యపరిచిన సంగతి మరొకటి ఉంది. ఈ జీవి ఎండుదనాన్ని తట్టుకుంటుంది, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను కూడా కొంతవరకు తట్టుకుంటుంది. బట్ట ఆరితే నిద్రపోతుంది, మళ్ళీ తడి తగిలితే మేలుకుంటుంది. ఉదయం ఇస్త్రీ చేసి తొడుక్కున్నప్పుడు ఏ వాసనా లేని చొక్కా, దారిలో నాలుగు చినుకులు పడి, బస్సులో చెమట పట్టి, తరగతికి చేరేసరికి కంపు కొట్టడానికి కారణం ఇదే. తొడుక్కున్నవానికి ఇంటి దగ్గర ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఒక్క సబ్బుతో చన్నీళ్ళలో ఎన్నిసార్లు ఉతికినా ఈ జీవి పూర్తిగా పోదు. చేయి పెట్టలేనంత వేడినీరు, అంటే 60 డిగ్రీల వేడికి తక్కువ కానిది, ఉండాలి.

ఇక్కడ మాకు చాకిరేవు గుర్తుకు వస్తున్నది. మా చిన్నతనంలో రజకులు బట్టలను బానలో సోడా వేసి ఉడికించి, ఆ తరువాతనే బండ మీద ఉతికేవారు. ఆ బట్టలు మడతలు విప్పగానే ఒక విధమైన వెచ్చని, నిర్మలమైన వాసన వచ్చేది. అది సబ్బు వాసన కాదు, ఏ సుగంధద్రవ్యమూ కాదు. వాసన లేకపోవడమే ఆ వాసన. జపాను వారు 2012లో చెప్పినది ఆ రేవులో ఎవరికీ తెలియకపోవచ్చు, కాని చేయవలసిన పని మాత్రం వారికి తెలుసు. వారి పనితనాన్ని మనం కూలి కిందనే లెక్కించాము గాని విద్య కింద లెక్కించలేదు. ఈనాడు ఇంటింటా ఉతుకు యంత్రాలున్నా, చాలావరకు చన్నీళ్ళతోనే నడుపుతున్నాము. పైగా కమ్మని వాసన కోసమని ఆఖరు జాడింపులో ఒక ద్రవం పోస్తున్నాము. అది దారాల మీద పొరలా నిలిచిపోతుందని పోసేవారికి తెలియదు.

ఇక ఆరడం సంగతి. భౌతికశాస్త్ర శాఖలోని మా మిత్రుడు ఒక లెక్క వేసి చూపించాడు. అది ఈ వ్యాసంలో అన్నింటికన్నా విలువైన భాగమని మా అభిప్రాయం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గది ఒకటి అనుకోండి. అందులో సుమారు 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో ఒక ఘనపు మీటరు గాలి 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే మోయగలదు. అంటే గది మొత్తానికి 850 గ్రాములు. ముసురు రోజున గాలిలో తేమ నూటికి 90 పాళ్ళు ఉన్నదనుకుంటే, ఇక మిగిలిన చోటు 85 గ్రాములకే. చేతితో పిండిన ఒక ప్యాంటు, ఒక చొక్కా కలిసి తక్కువలో తక్కువ అర కిలో నీటిని పట్టి ఉంటాయి. తలుపులన్నీ మూసి ఆ గదిలో దండెం మీద వేస్తే, ఆరవ వంతు నీరు ఆవిరయ్యేసరికి గాలి నిండిపోతుంది. ఆ పైన తెల్లవార్లూ వేలాడినా ఆ బట్ట ఆరదు. పంకా తిప్పినా అదే గాలి అక్కడే తిరుగుతుంది. కిటికీ ఒక పక్క కొంచెం తెరిచి, గాలి ఒక వైపు నుండి వచ్చి మరొక వైపు పోయేటట్లు చేసినప్పుడే పంకాకు ప్రయోజనం. వాన పడుతుంటే కిటికీ తెరవడమా అని మనకు అనిపిస్తుంది. అయినా తెరవాలి.

ఆ లెక్కలోనే ఇంకొక మెలిక ఉంది. అదే గదిని 35 డిగ్రీలకు వెచ్చబరిస్తే మిగిలిన చోటు 85 గ్రాముల నుండి నాలుగింతలవుతుంది. ఇది విన్నప్పుడు మా అమ్మమ్మ మా కళ్ళ ముందు నిలిచింది. పసిపిల్లల గుడ్డలను ఆమె వానాకాలంలో కుంపటి మీద బోర్లించిన వెదురు గంప మీద పరిచేది. నిప్పుల మీద చిటికెడు లోబాన్ చల్లేది. పొరుగువారి ఇంట దానినే సాంబ్రాణి అనేవారు. బట్టకు పట్టేది ఆ పొగ వాసన అనే మేము అనుకునేవాళ్ళం. నిజానికి పని చేసినది వేడి, లోబాన్ కేవలం అలంకారం. అయితే మా అమ్మమ్మ కుంపటి వసారాలో ఉండేది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాలకే ముప్పు. ఆ పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఉంటుంది. ఈ పద్ధతిని ఎవరూ హాస్టలు గదిలో పునరుద్ధరించవద్దని గట్టిగా కోరుతున్నాము.

ఒకే జత గల విద్యార్థి రాత్రిపూట ఏమి చేయగలడు? బట్టలను బకెట్టులో సాయంత్రం వరకు నానబెట్టి వదిలేయరాదు, సూక్ష్మజీవికి అది విందు. వేడినీళ్ళు కాచుకోగలిగితే అరగంట నానవేసి వెంటనే ఉతకాలి. సబ్బు ఎక్కువ వేయడం కన్నా ఒకసారి ఎక్కువ జాడించడం మేలు. వానాకాలంలో గంజి పెట్టకూడదు, బూజుకు గంజి కన్న ఇష్టమైన ఆహారం లేదు. పిండిన బట్టను పొడి తువ్వాలులో చుట్టి మళ్ళీ మెలిపెడితే చెప్పలేనంత నీరు తువ్వాలు లాగేస్తుంది. ఈ ఒక్క పని చేస్తే సగం రాత్రి కలిసివస్తుందని మా స్వానుభవం. లోపలి వైపు బయటికి తిప్పి, జేబులు పైకి లాగి, ఒకదానికొకటి తగలకుండా వేయాలి. వాసన మొదట పుట్టేది కాలరు దగ్గర, చంకల దగ్గర, నడుము పట్టీ దగ్గర. అవి ఆరాయో లేదో చూసుకోకుండా మడత పెట్టరాదు. ఇస్త్రీ పెట్టె కాసేపు వేడి ఇస్తుంది గాని, అరారిన బట్టను ఇస్త్రీ చేసి వెచ్చగా మడిచి పెట్టెలో పెడితే ముక్కవాసనను స్వయంగా పెంచినట్లే. పెట్టెలో వేసే కలరా ఉండలు పురుగులను ఆపుతాయి గాని చెమ్మను ఆపవు.

బట్ట నూలుదా, నైలాన్, పాలిస్టరు వంటి కృత్రిమ దారాలదా అన్నది కూడా ఆలోచించవలసినదే. నూలు నీటిని ఎక్కువ తాగుతుంది, ఆలస్యంగా ఆరుతుంది. పాలిస్టరు నీటిని తాగదు, త్వరగా ఆరుతుంది, కాని ఒంటి జిడ్డును పట్టుకుని వదలదు. మన యూనిఫారం ఈ రెంటి కలయిక కనుక రెండు గుణాలూ, రెండు దోషాలూ అందులో ఉన్నాయి.

అత్తరు సంగతి చెప్పకుండా ఈ సంచికలో ఈ వ్యాసం ముగించలేము. ముక్కవాసన మీద అత్తరు రాయడం మా వారిలో ఎక్కువ. మేము కూడా రాసినవాళ్ళమే. ఫలితం రెండు వాసనలు, ఒకదాని మీద ఒకటి. ఇక్కడొక చిత్రం ఉంది. తొలకరి చినుకు పడిన మట్టి పరిమళానికి ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బేర్, థామస్ 1964లో పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఆ పరిమళాన్ని ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో ఎప్పటి నుండో చందనతైలంలోకి దించి మిట్టీ అత్తరుగా అమ్ముతున్నారు. వాన నేల మీద పడితే సీసాలో పెట్టి దాచుకుంటాము. అదే వాన చొక్కాలో నిలిస్తే పక్కవాడిని దూరం జరగమంటాము!

ఉర్దూలో పాక్ అని, సాఫ్ అని రెండు మాటలున్నాయి. మామూలు సంభాషణలో రెంటినీ జంటగా వాడి ఒకే అర్థం అనుకుంటాము. శుద్ధమైన నీటితో నియమం ప్రకారం కడిగిన వస్త్రం పాక్. అది ముక్కుకు సాఫ్‌గా ఉండకపోవచ్చు. మన పొరుగున మడి కట్టుకునే ఇళ్ళలో కూడా ఇదే. ఎవరూ తాకకుండా వసారాలో పైన కట్టిన దండెం మీద కర్రతో ఆరవేసిన మడిబట్ట ముసురు రోజుల్లో తడితడిగానే ఒంటికి చేరుతుంది. దాని వాసన ఎలా ఉన్నా అది మడి బట్టే. శుద్ధికి ఒక కొలత, శుభ్రతకు ఒక కొలత ఉన్నాయని ఇరువైపుల పెద్దలకూ తెలుసు. అందువలన ఒకరి బట్ట వాసనను బట్టి వారి శుభ్రతను, ఆ పైన వారి పెంపకాన్ని, ఆ పైన వారి కులమతాలను కొలిచే దురలవాటుకు ఏ శాస్త్రంలోనూ ఆధారం దొరకదు. బస్సులోనూ, అద్దె ఇంటి వాకిటిలోనూ ఆ కొలతకు గురైనవారు ఈ సంచిక చదివేవారిలో లేకపోలేదు.

ఇక స్త్రీల బట్టల విషయం. దీనిని రాయవచ్చునా అని కొంత సందేహించాము. మా ఇళ్ళలోనూ, ఎన్నో ఇతర ఇళ్ళలోనూ ఆడవారి బట్టలను నలుగురి కంటబడేచోట ఆరవేయడం మర్యాద కాదంటారు. అవి లోపలి గదిలో, మంచం వెనుక, మరొక బట్ట కింద ఆరవలసిందే. అంటే ఆరవు. నెలనెలా వాడే గుడ్డలైతే మరీ చీకటిలో దాగుతాయి. వాటిని తప్పక ఎండలో ఆరవేయాలని వైద్యులు చెబుతూనే ఉన్నారు. మన విద్యార్థినుల బురఖాలు దళసరి కృత్రిమ బట్టవి, రోజూ వేసుకోవలసినవి, చాలామందికి ఒకటే. నలుపు రంగు ఎండను బాగా పీల్చుకుంటుంది కనుక, బయట వేస్తే అన్నిటికన్నా ముందు ఆరేది అదే! పరదా మనుషుల మర్యాద కోసమని మేము గౌరవిస్తాము. వారి బట్టలకు కూడా పరదా ఎందుకో మాకు అర్థం కాదు. డాబా మీద నాలుగు తడకలు కట్టి, పైన ఆకాశం వదిలితే మర్యాదా నిలుస్తుంది, ఎండా తగులుతుంది. ఈ మాట మా ఇంట్లో చెప్పినప్పుడు, "ఆ తడకలు మీరే కట్టండి," అన్నారు. కట్టాము.

ఇప్పుడు కళాశాల విషయానికి వద్దాము. ధనిక, పేద భేదం కనబడకూడదని యూనిఫారం పెట్టారు. మంచి ఉద్దేశమే. వేసవిలో ఆ ఉద్దేశం నెరవేరుతుంది. వానాకాలంలో మూడు జతలున్నవాడు పొడిగా వస్తాడు, ఒక జత ఉన్నవాడు తడిగా వస్తాడు, భేదం కంటికి గాక ముక్కుకు తెలుస్తుంది. తడి యూనిఫారంతో వచ్చినవాడు నవ్వులపాలవుతాడు, పొడి రంగుచొక్కాతో వచ్చినవాడు జుర్మానా కడతాడు. రెండూ చేయలేనివాడు ఇంటి దగ్గర కూర్చుంటాడు. జూలై నుండి నవంబరు వరకు ముసురు పట్టిన రోజులలో ఉన్న బట్టలతో రానివ్వాలని మా మనవి. దీని వలన క్రమశిక్షణ చెడుతుందని మా సహాధ్యాపకులలో పెద్దలు కొందరు అన్నారు. వారి అనుభవాన్ని గౌరవిస్తూనే, ఆ మూడు రోజుల గైర్హాజరును కూడా క్రమశిక్షణ లెక్కలో వేయమని కోరుతున్నాము.

రెండవ మనవి హాస్టలు డాబా గురించి. ప్రస్తుతం వాన పడితే అబ్బాయిలు బట్టలను మంచాల పట్టీల మీద, కిటికీ ఊచల మీద, పుస్తకాల అలమర తలుపుల మీద వేస్తున్నారు. ఒక్కొక్క గదిలో నలుగురి తడిబట్టలు, కిటికీలు మూసి. పైన చెప్పిన లెక్కను ఆ గదికి వేసి చూడండి. డాబా మీద నాలుగు స్తంభాలు, పైన రేకులు, పక్కలు పూర్తిగా తెరిచి, సముద్రపు గాలి దిక్కుకు అడ్డం లేకుండా ఒక పాక వేస్తే చాలు. గోడలు కట్టవద్దు, గోడలు కడితే అది మరొక గది అవుతుంది. ఒక మూల వేడినీళ్ళకు పొయ్యి ఉండాలి. విద్యార్థినుల కోసం వారి వసతిగృహం మీద తడకలతో మరొకటి.

ఈ మేరకు ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇచ్చి ఉన్నాము. నిధుల సంగతి పాలకవర్గం సమావేశంలో చూద్దామన్నారు. అంతవరకు తెలుగు శాఖ వెనుక ఖాళీగా ఉన్న సామాన్ల గదిని వాడుకోవడానికి అనుమతి దొరికింది. దానికి ఎదురెదురుగా రెండు కిటికీలున్నాయి, ఒక పంకా ఉంది. మా అబ్బాయిలే నలభై అడుగుల నైలాన్ తాడు తెచ్చి కట్టారు. దానికి ముడులు వేసినవాడు పెడన నుండి వచ్చే ఆ విద్యార్థి తమ్ముడు, ఈ ఏడే మొదటి సంవత్సరంలో చేరాడు. తాళం చెవి మా దగ్గర ఉంటుంది, ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తాము.